అక్క రాసిన పేపరు

చూపు లేని తమ్ముడు జవాబులు చెబుతుంటే, పక్కన కూర్చుని అక్క రాస్తోంది. రెండు జవాబుల నుంచీ వెనకే నిలబడి వింటున్న ఇన్విజిలేటర్‌కి అనుమానం వచ్చింది. ఆమె కలం అతని మాటల వెంట నడవడం లేదు.

"ఏమ్మా, నోరు అతనిది, బుర్ర నీదా? దీన్నే కాపీ అంటారు," అంటూ పేపరు లాక్కున్నాడు.

తమ్ముడు గబుక్కున లేచాడు. "నాలుగుసార్లు తప్పాను సార్. నాకిదే ఆఖరి అవకాశం. పాపం, నా తప్పులు దిద్దుతున్నట్టుంది." చేత్తో తడిమి అక్క భుజం పట్టుకున్నాడు. "ఎందుకక్కా ఇలా చేశావ్? ఈసారి బాగానే చదివానుగా!"



అతన్ని వరండాలో కూర్చోబెట్టి వచ్చి ఇన్విజిలేటర్ పేపరు చదివాడు. తమ్ముడు చెప్పిన రెండు జవాబులకూ వంక పెట్టడానికి లేదు. కాగితం మీద ఉన్నవి రెండూ తప్పులే.

"ఇంతకుముందు కూడా నువ్వే రాశావా?" అన్నాడు గొంతు తగ్గించి.

"నాలుగుసార్లూ నేనే సార్." ఆమె కలానికి మూత పెట్టింది. "ప్యాసైతే ఉద్యోగమొచ్చి వెళ్ళిపోతాడు. వాణ్ణి కనిపెట్టుకుని ఉంటాననేగా మా వదిన నాకింత తిండి పెడుతోంది?"

వరండాలోంచి తమ్ముడు అరిచాడు. "సార్, కావాలంటే నన్ను డిబార్ చెయ్యండి. మా అక్క మీద మాత్రం కంప్లైంటు రాయకండి!"

ఇన్విజిలేటర్ ఆమె ముఖంలోకి చూశాడు.

"వాడే అంటున్నాడుగా సార్," అంది అక్క. "అలాగే చెయ్యండి."