మూడో వంతు

"పంచదార ఎక్కువే వేశాను. ఇక్కడి టీ అలాగైతేనే గొంతు దిగుతుంది" అంటూ పెద్దావిడ కాగితపు కప్పు అందించింది.

డెక్లన్ పుచ్చుకున్నాడు. ఆ కోర్టు వరండాలో టీ ఇచ్చి ధైర్యం చెప్పే వాలంటీర్లుంటారు. ఈమె వాళ్లలో ఒకరనుకున్నాడు. వేసుకున్న పసుపు వానకోటు మాత్రం మగవాళ్లది. పొడవైన దాని చేతులను రెండేసి మడతలు పెట్టుకుంది.

"ఏం కేసు నాయనా?"

"నా కారు గుద్దింది. సైకిలతను పోయాడు."

"మీ లాయరమ్మ ఏమంటోంది?"

"ఈరోజే తప్పు ఒప్పుకుంటే శిక్షలో మూడో వంతు తగ్గుతుందట. విచారణ రోజు దాకా ఆగితే పదో వంతే."

"మరి ఒప్పుకో."

"ఎందుకు? సైకిలుకు లైటు వెలగలేదు. చూసినవాళ్లు కూడా లేరు."

ఆమె గొంతు తగ్గింది. "నిజంగా వెలగలేదా?"

డెక్లన్ కప్పులోకి చూశాడు. ఫోనులోంచి తలెత్తిన ఆ క్షణం కళ్లముందే ఉంది. ఎదురుగా ఎర్రగా, చిన్న వెలుగు.

"వెలగలేదు" అన్నాడు.

"ఇవాళ చెప్పలేకపోతే రేపు చెప్పు. మరీ ఆలస్యం చెయ్యకు."

"జైలుకెళ్లేది నేను. మీకెందుకు పెద్దమ్మా అంత తొందర?"

ఆమె కోటు చేతి మడత సవరించుకుంది. లోపల జడ్జి అడిగితే డెక్లన్ నేరం చేయలేదన్నాడు.

విచారణకు తేదీ దొరికేసరికి ఏడాది దాటింది. ఆ ఎర్ర వెలుగు మాత్రం తేదీల కోసం ఆగలేదు. టీవీ కింద వెలిగే చుక్కను చూసినా చూపు తిప్పుకునేవాడు. చివరికి దానిమీద టేపు అంటించాడు. టేపు వెనక వెలుగుతూనే ఉందని తెలిసి టీవీనే తీసేశాడు.

విచారణ రోజు పెందలాడే వచ్చి వరండా అంతా వెతికాడు.

"పసుపు కోటు పెద్దావిడ రాలేదా? టీ ఇస్తుంటారు" అని ఓ వాలంటీరును అడిగాడు.

"మాలో అలాంటివాళ్లు లేరే. మేమంతా నీలం బ్యాడ్జి పెట్టుకుంటాం. అయినా మేం టీ ఇచ్చేది సాక్షులకు బాబూ, ముద్దాయిలకు కాదు."

డెక్లన్ తిన్నగా లాయరు దగ్గరికి వెళ్లాడు. "ఒప్పేసుకుంటాను."

"ఇప్పుడా? పదో వంతే తగ్గుతుంది."

"తెలుసు. లైటు వెలిగింది. అదీ చెప్పండి."

లాయరు చెప్పింది. చనిపోయినతని తరఫున ఎవరైనా మాట్లాడతారా అని జడ్జి అడిగితే ఒకామె లేచింది.

"నేను టోబీ పిన్నిని. ఆ పొద్దున సైకిలు లైటుకు బ్యాటరీలు మార్చింది మా అక్కే. తిరగేసి వేసి కన్నకొడుకును చంపుకున్నానని కుమిలిపోయింది. లైటు వెలిగిందన్న ఈ ఒక్క మాట వింటే చాలనేది. మొన్న చలికాలంలో పోయింది."

డెక్లన్ తలెత్తాడు.

ఆమె గుండెకు అదుముకున్న టోబీ పసుపు వానకోటుకు చేతుల దగ్గర రెండు మడతలు ఇంకా అలాగే ఉన్నాయి.