పికిలిపిట్ట సాక్ష్యం

పొగమంచులో తేలుతున్నట్టుండే ఓ చెరువును తనదేనంది డేగ. కాదు, అందరిదీ అంది పికిలిపిట్ట. డేగ దాన్ని కాకుల చేత చీకటి తొర్రలో వేయించింది. చాలాకాలానికి వదిలిపెడుతూ, "ఈకలు వాటంతటవే రాలాయని చెప్పు" అని బెదిరించింది.

పికిలిపిట్ట ఎగరలేక, కలలో నడుస్తున్నట్టు నడిచి గట్టుకు చేరింది. పిట్టలన్నీ చుట్టూ మూగాయి. కొమ్మ మీంచి డేగ చూస్తూనే ఉంది.

"ఈకలేవమ్మా?" అంది బాతు.

పికిలిపిట్ట కొమ్మ వైపు ఓసారి చూసింది. "కాకులు పీకాయి. పీకినప్పుడల్లా చెరువెవరిదని అడిగాయి. అందరిదీ అన్నాను."

ముసలి కొంగ మెల్లగా ముందుకొచ్చి రెక్క ఎత్తింది. దాని కిందా ఈకల్లేవు.

"నన్నూ అడిగాయి తల్లీ. డేగదే అన్నాను. అయినా పీకాయి."

డేగ చూస్తుండగానే, గట్టు పొడవునా పిట్టలు ఒక్కొక్కటిగా రెక్కలెత్తి చూపసాగాయి.