ఎర్ర లైను ఎవరిది?

కోకాపేట ఆఫీసులో అందరూ చూస్తుండగానే సాయిచంద్ స్టీలు బాటిల్ ఎత్తి ఇమ్మాన్యుయేల్ మూతి మీద కొట్టాడు. పన్ను ఊడి కీబోర్డు మీద పడింది.

"మా తమ్ముని చెయ్యి పోగొట్టినవ్ గదరా!"

పొద్దున ఫ్యాక్టరీలో ప్రెస్ మిషన్ ఆగకుండా దిగి తమ్ముడి వేళ్లు నలిపేసింది. లోపల చెయ్యి ఉంటే మిషన్‌ని ఆపే లైను ప్రోగ్రాంలో లేదు. ఆ ప్రోగ్రాం వీళ్లిద్దరిదే. ఎవరి బ్రాంచిలో, అంటే ప్రోగ్రాం తాలూకు ఎవరి కాపీలో వాళ్లు రాసుకుని చివర్లో కలిపారు.

సాయిచంద్ దవాఖాన నుంచి నేరుగా వచ్చి రెండు బ్రాంచిలూ పోల్చి చూశాడు. ఆ లైను ఎర్రగా కనపడింది. ఎర్రగా ఉందంటే మొదటి బ్రాంచిలో ఉన్నది రెండో దాంట్లో లేదని.

"నేను తియ్యలేదు సాయీ..."

"ఎర్రగ కనవడ్తలేదా? చూడు!" మెడ పట్టి అతని మొహాన్ని స్క్రీన్‌కేసి కొట్టాడు. మళ్లీ కొట్టాడు.

ఇమ్మాన్యుయేల్ నెత్తురు ఉమ్మి, స్క్రీన్ మీద, పోల్చడానికి సాయిచంద్ టైపు చేసిన కమాండ్ దగ్గర వేలు పెట్టాడు. "ముందు ఎవరి బ్రాంచి పేరు కొట్టావో చదువు."

సాయిచంద్ చదివాడు. ముందు తనది కొట్టాననుకున్నాడు, కోపంలో పేర్లు తారుమారు చేశాడు. ముందు ఇమ్మాన్యుయేల్‌ది, తర్వాత తనది.

లైను ఇమ్మాన్యుయేల్ దగ్గర భద్రంగానే ఉంది. టెస్టింగ్‌లో మిషన్ మాటిమాటికీ ఆగుతోందని విసుగొచ్చి, మళ్లీ పెడదాంలే అనుకుని తీసేసింది సాయిచందే.

సాయిచంద్ పిడికిలి విప్పి చూసుకున్నాడు. వేళ్లు అయిదూ ఉన్నాయి.