లేని గడియారస్తంభం దాటాక

"సాయంత్రం బస్సుకే వెనక్కి వెళ్లిపోతాను. అందాకా ఈ పెట్టె ఇక్కడ ఉంచండి తాతగారూ."

బస్టాండులో సామాన్ల గది చూసుకునే పెద్దాయన పెట్టెను చూశాడు, అమ్మాయిని చూశాడు. పెట్టె కొత్తది. అమ్మాయి కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"చదువుకోడానికి వచ్చినట్టున్నావు. వచ్చి ఎన్నాళ్లయింది?"

"అరగంట."

"ఓహో! అరగంటకే ఊరు మొహం మొత్తిందా?"

"నాకిక్కడ ఒక్క మనిషి కూడా తెలీదు" అంది. మంచి కాలేజీ, కష్టపడి తెచ్చుకున్న సీటు. అయితే మాత్రం, పలకరించే దిక్కులేని ఊళ్లో మూడేళ్లు ఎలా? ఇంటికి ఫోన్ చేద్దామంటే అదేమో దారిలోనే ప్రాణం విడిచింది.

"సరే, వెళ్దువుగానీ. సాయంత్రం దాకా చేసేదేముంది? హాస్టలైనా చూసి రా. గడియారస్తంభం దాటాక ఎడమకు తిరుగు. ఎర్ర సినిమాహాలు వస్తుంది. దాని పక్క సందులో మూడు కుళాయిలు. అక్కణ్ణించి నాలుగడుగులు." పెట్టెకు చీటీ కట్టి లోపల పెట్టాడు. "తెలియకపోతే అడుగు. నోరుంది కదా."

పొగమంచు ఇంకా విడలేదు. ఊరు కలలో ఉన్నట్టుంది. మనుషులు మంచులోంచి వచ్చి మంచులోకే పోతున్నారు. నాలుగు దారులు కలిసేచోట ఆగి తలెత్తి చూసింది. గడియారమూ లేదు, స్తంభమూ లేదు. మూలన తాళంచెవులు చేసే ఆయన ఆకురాయితో ఏదో అరగదీస్తున్నాడు. వేరే గతిలేక ఆయన్నే అడిగింది.

"గడియారస్తంభమా!" ఆయన ఆకురాయి కింద పెట్టేశాడు. "ఎన్నాళ్లకు విన్నానమ్మా ఆ మాట! అదుగో, నువ్వు నుంచున్నచోటే ఉండేది. పడగొట్టి ముప్పై ఏళ్లయింది. పది నిమిషాలు ఆలస్యంగా నడిచేది మహాతల్లి. ఊరంతా దాన్ని చూసుకునే పనికెళ్లేవాళ్లం, అందరమూ ఆలస్యమే, ఇక ఎవరు ఎవర్ని తిడతారు?"

అమ్మాయి మళ్లీ పైకి చూసింది. మంచులో ఎక్కడో పెద్ద ముల్లు బద్ధకంగా కదిలినట్టనిపించింది.

"కొత్తగా వచ్చినట్టున్నావు. హాస్టల్ గదికి రెండో తాళంచెవి చేయించుకో. మొదటిది పోగొట్టుకోవడం ఎలాగూ తప్పదు. రేపు పట్టుకురా, చేసిపెడతాను" అన్నాడాయన.

ఎడమకు తిరిగింది. ఎర్ర సినిమాహాలుకు బదులు ఎత్తయిన అద్దాల మేడ. దాని పక్కన బట్టలు ఇస్త్రీ చేస్తున్న ఆవిడ, ఆవిరిలో సగమే కనిపిస్తోంది.

"సినిమాహాలా? మొదటి వరుస నా బల్ల కిందే ఉండేది" అని నవ్విందావిడ. "ఏడుపు సినిమా వస్తే మా చెల్లీ నేనూ మూడుసార్లు చూసేవాళ్లం. మూడుసార్లూ ఏడ్చేవాళ్లం. అదేంటి పిల్లా, నీ కళ్లూ అలాగే ఉన్నాయి? నువ్వే సినిమా చూసొచ్చావు?"

అమ్మాయికి నవ్వొచ్చేసింది. ఈ ఊళ్లో అదే మొదటి నవ్వు.

"నలిగిన చొక్కాతో మొదటిరోజు కాలేజీకి వెళ్లకు. నాలుగింటికి తెచ్చివ్వు, అరగంటలో ఇచ్చేస్తాను" అంటూ ఆవిడే సందు మొదటిదాకా వచ్చి దిగబెట్టింది.

సందులో కుళాయిలూ లేవు. మెట్లమీద కూర్చుని బూట్లు తుడుచుకుంటున్న కళ్లజోడు అమ్మాయిని అడిగితే, "మూడు కుళాయిలా? ఉండు, మా నానమ్మకు తెలియాలి" అని లోపలికి పరుగెత్తింది. నానమ్మ వచ్చింది. వచ్చాక ఇక ఆగితేనా! మొదటి కుళాయికి ధార సన్నం, రెండోదానికి పిడి లేదు, మూడోదాని కోసం పక్కింటావిడతో బిందెల యుద్ధం. వింటుంటే గోడలోంచి నీళ్ల చప్పుడు వస్తున్నట్టే ఉంది.

"హాస్టల్లో ఆరులోపే స్నానం చేసెయ్యి తల్లీ, తర్వాత నీళ్లు రావు" అని నానమ్మ మళ్లీ యుద్ధంలోకి దిగబోతుంటే, మనవరాలు కొత్తమ్మాయి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేసింది. కళ్లజోడుదీ అదే కాలేజీ, మొదటి ఏడే. హాస్టల్ గుమ్మం దాకా వచ్చి, "రేపు తొమ్మిదింటికి వస్తాను, కలిసి వెళ్దాం" అని చెప్పి మరీ వెళ్లింది.

"పొద్దున దిగినదానివి ఇప్పుడా రావడం? ఏ దారిన వచ్చావమ్మా?" అంది హాస్టల్ వార్డెన్. అంతా విని, నవ్వాపుకుంటూ కిటికీ తెరిచింది. మంచు విడిపోయింది. కిటికీ కింద గోడ, గోడకు చిన్న గేటు, అవతల బస్టాండు రేకుల కప్పు. అయిదు నిమిషాల నడక!

అమ్మాయికి ఒళ్లు మండిపోయింది. ఆ చిన్న గేటులోంచే విసవిసా వెళ్లి సామాన్ల గది బల్లను చేత్తో చరిచింది.

"నా పెట్టె ఇవ్వండి!"

"బస్సు సాయంత్రం కదా తల్లీ?"

"బస్సుకెవరు వెళ్తారు? నాలుగింటికి ఇస్త్రీ పిన్నికి చొక్కాలివ్వాలి. రేపు తాళాల బాబాయి దగ్గరికి వెళ్లాలి. తొమ్మిదింటికి నా స్నేహితురాలు వస్తుంది. వాళ్ల నానమ్మ యుద్ధం ఇంకా సగంలోనే ఉంది. అది కాదు, ముందు మీ సంగతి చెప్పండి! స్తంభం లేదు, సినిమాహాలు లేదు, కుళాయిలు లేవు. అన్నీ ఎప్పుడో పడగొట్టేశారట. ఆ మాత్రం తెలీకుండానే దారి చెప్పేస్తారా?"

పెద్దాయన పెట్టె తెచ్చి బల్లమీద పెట్టి, తీరిగ్గా చీటీ విప్పాడు.

"తెలుసు తల్లీ. ఉన్నవాటి గుర్తులు చెబితే నువ్వు ఎవర్నీ అడగవు కదా!"