ఒక చెవి తెగిన పిల్లి

"మీ టార్చి వేస్తే ఏం జరిగిందో తెలుస్తుంది, సరే. ఎవరు చేశారో కూడా తెలుస్తుందా?"

నాలుగు అంతస్తులు మెట్లెక్కి వచ్చి గుమ్మంలో రొప్పుతున్న మరకలాయనని ఆ ఇంటి కోడలు అడిగిన మొదటి మాట అది. ఇళ్ళల్లో, హోటళ్ళల్లో వాసన ఎక్కణ్ణుంచి వస్తోందో కనిపెట్టి కడిగిపెట్టడం అతని పని. అసలు పేరు ఎవరికీ అక్కర్లేకపోయింది.

"మరక కనిపిస్తుందమ్మా. దాని మీద పేరు రాసి ఉండదు," అన్నాడు ముక్కుకి గుడ్డ కట్టుకుంటూ. గుమ్మంలోకే కొడుతోంది మురిగిన మూత్రం కంపు. దాన్ని కప్పడానికి ఎవరో గులాబీ సెంటు దిమ్మరించారు.

"పిల్లేనండీ!" ఆమె గొంతు కింది అంతస్తుదాకా వినపడేలా ఉంది. "గండుపిల్లి. ఒక చెవి తెగింది. కిటికీలోంచి మామయ్య గదిలో దూరడం, చేసేదంతా చేసి చక్కా పోవడం. దాని మొహం మండ!"

గదిలో మంచం పక్కన కుర్చీలో పెద్దాయన ఒదిగి కూర్చుని ఉన్నాడు. స్టూలు మీద గ్లాసు నిండా మంచినీళ్ళున్నాయి.

"నాకెప్పుడూ కనపడలేదమ్మా అది," అన్నాడాయన మెల్లగా.

"మీరు నిద్రపోయాకే కదా మామయ్యా వచ్చేది! రెండుసార్లు నేనే చీపురు తిరగేశాను." మరకలాయన వైపు తిరిగింది. "ఈ గొడవ మొదలైనప్పట్నుంచీ ఈయన నీళ్ళు ముట్టడం లేదు. నిన్న కళ్ళు తిరిగి పడ్డారు. డాక్టరు నన్ను చెడామడా తిట్టాడు. ముందు ఆ పిల్లి సంగతి తేల్చండి."

ఆమె వెళ్ళాక అతను తలుపు వేసి, కర్టెన్లు లాగి, ప్రతి ఇంట్లోనూ చెప్పే ఉపన్యాసం అందుకున్నాడు.

"రేడియోకి పాట మోసుకొచ్చేదీ, రిమోట్ నొక్కితే టీవీకి చేరేదీ, ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసేదీ, మనం వెలుగు అనుకునేదీ, అన్నీ ఒకే జాతి తరంగాలయ్యా. అందులో మన కంటికి ఆనేది చిటికెడు. ఇంద్రధనుస్సులో ఊదా రంగు దాటిందంటే మనకి చీకటే. ఆ చీకట్లో ఉన్న వెలుగునే ఈ టార్చి వేస్తుంది. అది తగిలితే పాత మరకలు వాటంతటవే వెలుగుతాయి."

"కనపడనివి కనపడటం మంచిదేనా బాబూ?"

"బతకడానికి మంచిదే. అన్నం తినడానికే కష్టం."

అది నిజం. ఈ టార్చి చేతికొచ్చాక అతనికి లోకమంటేనే రోత పుట్టింది. తెల్లటి హోటల్ దుప్పట్ల మీద ఏముంటుందో, సినిమా హాలు కుర్చీల చేతుల మీద ఏం ఎండి ఉంటుందో అతనికి తెలుసు. చుట్టాలింటికి వెళ్తే నిలబడే మాట్లాడి వచ్చేస్తాడు. ఆ దిక్కుమాలిన దీపం వంటింట్లో వెలిగిస్తే కాళ్ళు విరగ్గొడతానని పెళ్ళాం ముందే చెప్పింది.

టార్చి వేశాడు. పరుపు మధ్యలో పచ్చగా ఓ మడుగు మెరిసింది. దుప్పటి ఎత్తితే కింద కొత్త రబ్బరు షీటు ఉంది. మంచం నుంచి బాత్రూమ్ వైపు చుక్కలు చుక్కలుగా దారి. పిల్లి అయితే గోడ మూలలు వెతుక్కుంటుంది గానీ పరుపు నడిమధ్య ఎందుకు కూర్చుంటుంది?

ఇంకో అడుగు వేసి ఆగిపోయాడు. నేల మీద ఒక పాదం వెలుగుతోంది. మడమ, అయిదు వేళ్ళు.

"నాకు చూపు ఆనదు బాబూ," పెద్దాయన కుర్చీలోంచి ముందుకి వంగాడు. "నిజం చెప్పు. పిల్లేనా?"

అతను టార్చిని ఆ పాదం మీదే ఉంచాడు. ఇలాంటి ఇళ్ళు మూడు చూశాడు. తన టార్చి ఆరిన వారానికే ముసలివాళ్ళ మంచాలు ఖాళీ అయ్యాయి. పిల్లికే ఇన్ని శాపనార్థాలు పెట్టే మనిషి, మామగారని తెలిస్తే ఊరుకుంటుందా? సంచీ సర్ది ఏ వృద్ధాశ్రమంలోనో దింపి రాదూ? ఆ పచ్చటి మడుగు కన్నా ఆమె నోరే అతనికి ఎక్కువ అసహ్యమనిపించింది.

తలుపు తెరుచుకుంది. "తేలిందా?" అంటూ కోడలు లోపలికి వచ్చింది.

అతను చటుక్కున వెలుగుతున్న పాదం మీద బూటు పెట్టి నిలబడ్డాడు.

"తేలిందమ్మా. పిల్లే. గండుపిల్లే. మనుషులదైతే అసలు ఈ రంగులో వెలగదు."

ఇన్నేళ్ళలో టార్చి పేరు చెప్పి అతనాడిన మొదటి అబద్ధం అది.

"ఒట్టు?" అన్నాడు పెద్దాయన.

"నా టార్చి అబద్ధం చెప్పదయ్యా."

పెద్దాయన భుజాలు కిందికి దిగాయి. చెయ్యి చాపి స్టూలు మీది గ్లాసు అందుకున్నాడు. గటగటా తాగి, మూతి తుడుచుకుని, "ఇంకో గ్లాసు ఇస్తావా అమ్మా?" అన్నాడు. కోడలు గ్లాసు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది. కుళాయి చప్పుడు ఆగాక కూడా చాలాసేపు రాలేదు.

గంటన్నర పట్టింది కడగడానికి. సామాను సర్దుకుని గుమ్మం దాటుతూ, ఆమె మొహం చూడ్డం ఇష్టంలేక మెట్ల వైపు చూస్తూనే చెప్పాడు.

"ఆ కిటికీ మూసి పెట్టుకోండమ్మా. ఇక రాదు."

ఆమె ఒకసారి వెనక్కి చూసి, తలుపు దగ్గరగా వేసి, పొద్దుట్నుంచీ అతను వినని చిన్న గొంతుతో అంది.

"పిల్లి లేదని మామయ్యకి ఎప్పుడూ చెప్పకండి."