చివరి కార్యకర్త

పాతపట్నం పార్టీ ఆఫీసు మీద మూడు రోజులుగా జెండా ఎగరడం లేదు.

ఊళ్లో ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకోవాల్సిన వాళ్లంతా గెలిచిన పార్టీలోకి ఎప్పుడో వెళ్లిపోయారు.

హరిబాబు మాత్రం కారు దిగుతూనే ఖాళీ కర్రను చూసి నిలబడిపోయాడు. వెంటనే, జెండా ఎక్కించే ముసలాయన్ని సోమవారం తానే రావద్దన్నాడు కదా అని గుర్తొచ్చింది.

అతను ఈ ఊరివాడు కాదు. అరసవల్లి నుంచి వచ్చిన నియోజకవర్గ ఇన్‌ఛార్జి. ఏడాదిలో నాలుగోవాడు. మొదటాయన ఫలితాలు వచ్చిన వారానికే కండువా మార్చాడు. తరవాతి ఇద్దరూ నేను పెద్దంటే నేను పెద్దని ఒకరి మీద ఒకరు హైదరాబాదుకు ఫిర్యాదులు పంపుకుని, చివరికి ఇద్దరూ ఒకే కారులో వెళ్లి అవతలి పార్టీలో చేరారు. పోతూ పోతూ కార్యకర్తలతో పాటు ప్లాస్టిక్ కుర్చీలు కూడా పట్టుకుపోయారు.

రెండువేల పద్నాలుగులో డిపాజిట్ పోయిన పార్టీలో ఇన్‌ఛార్జి పదవంటే తాళంచెవి చేతికివ్వడమే. హరిబాబుకి ఆ సంగతి మొదటి రోజే తెలిసింది.

ఆ రోజు ఆఫీసులో నరపురుగు లేదు. మెట్ల మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. పేరడిగితే ఎర్రన్న అన్నాడు. లేచి, సంచిలోంచి జెండా తీసి, తాడుకు కట్టి పైకి లాగాడు. మళ్లీ వచ్చి కూర్చున్నాడు.

అప్పటి నుంచి ఎనిమిది నెలలు రోజూ అంతే. పొద్దున జెండా ఎక్కించేవాడు, సాయంత్రం దించి మడత పెట్టేవాడు. మధ్యలో పేపరు చదివేవాడు.

హరిబాబు వచ్చిన రోజుల్లో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చునేవారు. మాట్లాడుకోవడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు. ఒకప్పుడు వందమంది తోసుకున్న ఆ హాల్లో ఫ్యాను చప్పుడు తప్ప ఏదీ వినిపించేది కాదు. ముసలాయన మంచినీళ్లకు లేచి వెళ్తే హరిబాబుకి ఏడుపొచ్చినంత పనయ్యేది.

ఒకసారి పైనుంచి సభ్యత్వ పుస్తకాలొచ్చాయి. మొదటి ఫారం ఎర్రన్నకే ఇచ్చాడు. ఆయన మడిచి జేబులో పెట్టుకున్నాడు. వారం తరవాత అడిగితే నవ్వాడు.

"కాగితాలు నాకెందుకు బాబూ. రోజూ వస్తన్నాను కదా."

నిజమే అనిపించింది. కార్డులున్నవాళ్లంతా పోయారు, కార్డు లేని ఈయన మిగిలాడు.

ఒకరోజు మాత్రం హరిబాబు నోరు జారాడు. మీ వీధిలో మనకి పదకొండు ఓట్లొచ్చాయి, ఇన్నేళ్లూ నువ్వేం చేశావు తాతా అని అడిగేశాడు.

ఎర్రన్న పేపరు పక్కన పెట్టాడు.

"నా సేతనైనంత సేసినాను బాబూ."

హరిబాబు ఆ రాత్రంతా సిగ్గుపడ్డాడు.

విజయనగరం నుంచి మురళీమోహన్ ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. గెలిచిన పార్టీలో పెద్ద నాయకుడు. వచ్చి కండువా కప్పించుకుంటే ఏదో ఒక పదవి చూస్తానంటాడు. హరిబాబు మూడుసార్లు రోజు ఖాయం చేసుకుని మూడుసార్లూ మానుకున్నాడు. భార్య రేఖకు ఏవో సాకులు చెప్పాడు. అసలు కారణం ఆ ముసలాయన. అంత నమ్ముకున్న మనిషి ముఖం చూస్తూ వెళ్లిపోతున్నానని ఎలా చెప్పడం?

సోమవారం ఎలాగో చెప్పేశాడు. గురువారం వెళ్తున్నానని, ఇక రానక్కర్లేదని.

ఎర్రన్న తలెత్తి జెండా వైపు చూశాడు.

"అయితే ఇదీ మూసేస్తారేటి?" అన్నాడు.

హరిబాబు కారెక్కేశాడు.

ఇవాళ గురువారం. ఆఫీసు ఇంటి యజమానికి తాళంచెవి ఇచ్చేసి అట్నుంచటే విజయనగరం పోదామని వచ్చాడు. ఎదురుగా టీ కొట్టు నడిపే గౌరి అతన్ని చూసి రోడ్డు దాటి వచ్చింది. ఎర్రన్నకు మంగళవారం నుంచి జ్వరమనీ, తెల్లవారుజామున పోయాడనీ చెప్పింది.

హరిబాబు మెట్ల మీద కూలబడ్డాడు. ఎర్రన్న కూర్చునే చోటే.

కాసేపటికి లేచి, బీరువాలోంచి కొత్త జెండా తీశాడు. కార్యకర్త పోతే ఒంటి మీద పార్టీ జెండా కప్పి సాగనంపడం ఆనవాయితీ. ఇదివరకైతే ముందు విలేకరికి ఫోన్ చేసేవాడు. ఇవాళ ఆ ఆలోచన రాలేదు. మురళీమోహన్ ఫోన్ వస్తే కట్ చేశాడు.

రైలు గేటు దాటి ఎర్రన్న ఇంటికి ఒక్కడే నడిచాడు. దారిలోనే నిశ్చయించుకున్నాడు, విజయనగరం వెళ్లనని. చివరి కార్యకర్త ఊపిరున్నంతవరకూ కాపాడిన చోటిని వదిలి పోకూడదనుకున్నాడు.

ఇంటి ముందు పదిమంది కూడా లేరు. ఎర్రన్న భార్య చిన్నతల్లి తలాపున కూర్చుని ఉంది. తాను ఫలానా అని చెప్పగానే, గోడకున్న సంచి తీసి ఇచ్చింది. అందులో ఆఫీసు జెండా ఉతికి మడత పెట్టి ఉంది. దాని కింద సభ్యత్వ ఫారం. ఒక్క అక్షరం నింపలేదు.

హరిబాబుకి అర్థం కాలేదు. అయినా కళ్లు తుడుచుకుని, కొత్త జెండా విప్పి వంగాడు.

చిన్నతల్లి చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు బాబూ. ఆయనకుంది."

దుప్పటి కిందికి లాగింది. ఎర్రన్న గుండెల మీద వెలిసిపోయిన పాత జెండా ఒకటి ఉంది. దాని మీది గుర్తును హరిబాబు చిన్నప్పుడు గోడల మీద చూశాడు. ఆ పార్టీ ఇప్పుడు ఎక్కడా లేదు.

"మరి మా ఆఫీసుకి ఎందుకొచ్చేవాడమ్మా?" అన్నాడు.

చిన్నతల్లి భర్త ముఖం మీద ఈగను తోలింది.

"నలబయ్యేళ్లు మీ పార్టీని ఓడించాలనే తిరిగినాడు బాబూ. ఆయన పార్టీ ఆపీసు ఎత్తేసి సెల్లుఫోన్ల కొట్టెట్టినారు, ఆ దినం కూడు ముట్టనేదు. ఎదటోల్ల జెండా కూడా దిగిపోతే ఇన్నేళ్లూ ఎవుల మీద కొట్లాడినట్టు అని, మీ జెండా ఎగరేసేవోడు."