తర్యాన్ నుంచి వచ్చినవాడు

అరవై దాటాక అక్షరాలు దిద్దాను. తప్పులుంటే సరిచేసుకుని చదవండి. చెయ్యి నెమ్మది, అందుకని సూటిగా మొదలుపెడతాను.

చర్చి ముందు గుర్రం దిగిన దొర మనిషి, ఈమధ్య ఊళ్ళోకి వచ్చి స్థిరపడిందెవరని ఊరి పెద్ద గాల్‌ను అడిగాడు. తర్యాని ఆంబ్రుష్ అనే పేరు వినగానే మీసం దువ్వుకుని, తాము తర్యాన్ నుంచే వచ్చామని, వెట్టి ఎగ్గొట్టి పారిపోయిన వాళ్ళను వెతుకుతున్నామని అన్నాడు. వెనక ఇద్దరు బంట్లు, బండిలో గొలుసులు.

మా వైపు వలస వచ్చినవాడికి వదిలి వచ్చిన ఊరే ఇంటిపేరు. తర్యాన్ నుంచి వచ్చానని ఆంబ్రుష్ చెప్పిన సాయంత్రానికే తర్యాని ఆంబ్రుష్ అయిపోయాడు. కొడుకు జ్ఞానస్నానంలో ఫాదరు గారూ అదే పలికారు.

ఆంబ్రుష్‌ను కళ్ళంలోంచి ఈడ్చుకొచ్చారు. జుట్టు నిండా గోధుమ పొట్టు. భార్య ఓర్షోయా చంటివాణ్ణి చంకనేసుకుని వెనకే పరుగెత్తుకొచ్చింది.

"నేను తర్యాన్‌లో ఎప్పుడూ అడుగు పెట్టలేదయ్యా," అన్నాడు ఆంబ్రుష్.

"మరి ఆ పేరు ఎందుకు తగిలించుకున్నావురా? అక్కడి ద్రాక్షసారా బాగుంటుందనా?"

బంట్లు నవ్వారు. పారిపోయినవాడు మళ్ళీ పరుగెత్తకుండా తర్యాన్‌లో మడమ నరం కోస్తారని దొర మనిషి తాపీగా చెప్పాడు. ఆంబ్రుష్ వేరే దొర కింది రైతైతే తీసుకుపోయే హక్కు మీకు లేదు కదా అని గాల్ నసిగాడు.

ఆ మాట ఓర్షోయా చెవిన పడింది. భర్త వద్దని తల ఊపుతున్నా ఆమె ఆగలేదు.

"ఈయనది తర్యాన్ కాదు గాల్ మామా, సలోక్. దొరికిపోకుండా దారిలో విన్న ఊరి పేరు చెప్పాడు. మీవాడు కాదయ్యా, వదిలెయ్యండి."

ఆంబ్రుష్ కళ్ళు మూసుకున్నాడు.

"విన్నావుగా గాల్, నువ్వే సాక్షి," అన్నాడు దొర మనిషి, గొలుసు అందుకుంటూ. "పారిపోయినవాడు సొంత ఊరి పేరు చెప్పడమ్మా. అందుకే ప్రతి ఊళ్ళోనూ వాడు చెప్పిన ఊరే మాదీ అంటాం. తర్యాన్ ఎటుందో నాకూ తెలియదు. మాది సలోక్."

— తర్యాని వారింటి కోడలు యుడిత్, డెబ్బై మూడేళ్ళు. ఉంటున్నది సలోక్‌లో.